తాళపత్రం చేవెళ్ల దాకా రావాలి

జ్ఞాన భారతం మిషన్ అధికారులకు,

మీ మిషన్ కింద కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, భద్రపరుస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మంచి పనే. కానీ ఆకులను ఫొటో తీసి మీ పోర్టల్లో పెట్టడంతో పని సగమే అవుతుంది.

చేవెళ్ల, మొయినాబాద్ కాలేజీల్లో తెలుగు చెప్పేవారు పిల్లలకు తాళపత్రం ఎలా చూపించాలి? రాష్ట్ర ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉన్నది హైదరాబాద్ నగరానికి అవతలి వైపు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో. తరగతినంతా బస్సెక్కించి తీసుకెళ్లడం తేలిక కాదు. దాంతో వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాటే గతి. అది ఏ గ్రంథమో, ఎన్నో ఆకో, ఎక్కడ భద్రపరిచారో అందులో ఉండదు. పాఠాంతరాలు పోల్చాల్సిన విద్యార్థికి అది ఆధారం కాదు, వట్టి బొమ్మ.

దీనికి కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన పుస్తకాలకు ఎంబెడ్ కోడ్ ఇస్తోంది. అది అతికిస్తే మరో వెబ్‌సైట్లోనూ పుస్తకం తెరుచుకుంటుంది. కేంబ్రిడ్జ్ డిజిటల్ లైబ్రరీ, బొమ్మలను వేరే వెబ్‌సైట్లలోనూ తెరవనిచ్చే ట్రిపుల్‌-ఐ-ఎఫ్ (IIIF) ప్రమాణాన్ని పాటిస్తోంది.

నేను అడిగేది ఇదీ. హక్కుల చిక్కు లేని ప్రతి గ్రంథానికీ మారని చిరునామా, ఎంబెడ్ విడ్జెట్ ఇవ్వండి. బొమ్మతోపాటే గ్రంథం పేరు, రాతప్రతి సంఖ్య, ఆకు సంఖ్య, సంస్థ పేరు తెలుగులో కనిపించాలి. మామూలు ఫోన్లో, నెమ్మది నెట్‌లో కూడా తెరుచుకోవాలి. ఈ షరతులు పోర్టల్ పనుల టెండరు పత్రంలోనే రాయండి. తర్వాత చూద్దామంటే మళ్లీ ఖర్చు, మళ్లీ ఏళ్లు. మీ నిర్ణయాన్ని గడువు తేదీతో సహా బహిరంగంగా ప్రకటించండి.

ఇట్లు,
చేవెళ్ల నుంచి ఒక తెలుగు పాఠకుడు