దవడ ఎముకకు కాపలా పొర.. తయారీలో మనమెక్కడ?

వైద్య పరికరాలు అనగానే స్కానింగ్‌ యంత్రాలు, వెంటిలేటర్లే గుర్తొస్తాయి. కానీ పోస్టల్‌ స్టాంపంత ఉండే ఓ తెల్లటి పొర కూడా చట్టం దృష్టిలో వైద్య పరికరమే. అదీ రిస్కు అత్యధికంగా ఉండే ‘డి’ తరగతి పరికరం! పంటి ఇంప్లాంట్‌ కోసం, తగ్గిపోయిన దవడ ఎముకను తిరిగి పెంచడానికి డెంటిస్టులు వాడే కొలాజెన్‌ మెంబ్రేన్‌ ఇది. దీనికి కావాల్సిన ముడిసరకు మన దగ్గర బోలెడు. దీని వెనకున్న సైన్సులోనూ మనవాళ్లది పెద్ద పాత్రే. అయినా ప్రపంచ మార్కెట్లో పేరు మోసిన బ్రాండ్లు స్విట్జర్లాండ్‌ లాంటి దేశాలవి. తేడా ఎక్కడొస్తోంది? ఆ తేడా పూడ్చే పనిలో మన డిగ్రీ, ఫార్మసీ, ఇంజినీరింగ్, డెంటల్‌ విద్యార్థులకు చోటుందా?

అసలేంటీ పొర?

పన్ను తీసేశాక అక్కడి ఎముక ఉన్నది ఉన్నట్టు ఉండదు. ఆరు నెలల్లో దాని వెడల్పు 29 నుంచి 63 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. ఇంప్లాంట్‌ అంటే ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. చుట్టూ చాలినంత ఎముక లేకపోతే దానికి పట్టు దొరకదు. అందుకే ఖాళీలో బోన్‌ గ్రాఫ్ట్‌ పొడి నింపుతారు. చిక్కల్లా ఏంటంటే, చిగుళ్ల కణాలు చకచకా పెరుగుతాయి, ఎముక కణాలది నిదానం. అలాగే వదిలేస్తే ఎముక రావాల్సిన చోటును చిగురు ముందే ఆక్రమిస్తుంది. ఈ రెండింటి మధ్య పొర పరిస్తే చిగురు లోపలికి రాకుండా ఆగుతుంది, ఎముకకు కావాల్సిన సమయం దొరుకుతుంది. దీన్నే గైడెడ్‌ బోన్‌ రీజనరేషన్‌ అంటారు. 1980ల్లో ఈ పద్ధతికి రూపమిచ్చింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌ పరిశోధకులు. 1965లో తొలి టైటానియం డెంటల్‌ ఇంప్లాంట్‌ అమర్చిన పెర్‌ ఇంగ్వార్‌ బ్రేన్‌మార్క్‌ పనిచేసిందీ అక్కడే.

మొదట్లో వాడిన టెఫ్లాన్‌ తరహా పొరలు కరగవు. వాటిని తీయడానికి మళ్లీ సర్జరీ చేయాల్సిందే. కొలాజెన్‌ పొర అయితే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దానంతటదే శరీరంలో కలిసిపోతుంది. మరీ త్వరగా కరిగితే కాపలా పోతుంది. అందుకే కొలాజెన్‌ పోగులను ఒకదానితో ఒకటి ముడిపెట్టే క్రాస్‌లింకింగ్‌ చేస్తారు. అది అతిగా చేసినా పొర కణజాలంతో సరిగా కలవదు. ఈ సమతూకం సాధించడంలోనే అసలు నైపుణ్యం ఉంది.

సైన్సులో మన వాటా

కొలాజెన్‌ అణువు మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందని 1954-55లో తేల్చింది మద్రాసు యూనివర్సిటీలోని జి.ఎన్‌. రామచంద్రన్, గోపీనాథ్‌ కర్తా. వాళ్లకు కొలాజెన్‌ నమూనా అందింది పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ, సీఎల్‌ఆర్‌ఐ నుంచి. తర్వాత ఆ సంస్థను డైరెక్టరుగా నడిపి పేరు తెచ్చింది తెనాలి ప్రాంతానికి చెందిన యలవర్తి నాయుడమ్మ. తోళ్ల సంస్థకూ పంటి పొరకూ ఏం సంబంధం అంటారా? తోలు ఊనడమంటే కొలాజెన్‌ను క్రాస్‌లింక్‌ చేయడమే! అందుకే సీఎల్‌ఆర్‌ఐ ఎన్నో ఏళ్లుగా వైద్య అవసరాల కొలాజెన్‌పైనా పనిచేస్తోంది.

ఇక ముడిసరకు. ఇప్పుడున్న పొరల్లో ఎక్కువభాగం పశువులు, పందుల నుంచి తీసిన కొలాజెన్‌తో చేసేవే. వీటిపై మతపరమైన అభ్యంతరాలున్న రోగులుంటారు కాబట్టి, ఏ జంతువుదో ముందే చెప్పి అనుమతి తీసుకోవడం డాక్టర్ల బాధ్యత. ఇక్కడే చేపల కొలాజెన్‌కు అవకాశం కనిపిస్తోంది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. మనం తినే బొచ్చె, శీలావతి పొలుసుల్లోని కొలాజెన్, చల్లటి సముద్రాల చేపల కొలాజెన్‌ కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. శరీరం లోపల పెట్టే వస్తువుకు ఇది ముఖ్యమైన గుణం. కానీ మార్కెట్లో పారేసే పొలుసు ఆపరేషన్‌ థియేటర్‌కు చేరాలంటే చాలా దూరం ప్రయాణించాలి.

తయారుచేయడం కాదు, నిరూపించడం కష్టం

మన దేశం వాడే వైద్య పరికరాల్లో 70-80 శాతం దిగుమతులేనని అంచనా. ఈ పరిస్థితి మార్చడానికే 2023 ఏప్రిల్‌లో కేంద్రం జాతీయ వైద్య పరికరాల విధానాన్ని ఆమోదించింది. సుమారు 11 బిలియన్‌ డాలర్ల ఈ రంగాన్ని 2030 కల్లా 50 బిలియన్‌ డాలర్లకు చేర్చాలన్నది లక్ష్యం. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి సి, డి తరగతుల పరికరాలకు లైసెన్సు తప్పనిసరైంది. దాన్ని ఇచ్చేది కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ.

కొలాజెన్‌ తీయడం చాలా కాలేజీ ల్యాబుల్లో జరిగే పనే. కానీ లైసెన్సు కావాలంటే జంతువు ఎక్కడిది, వైరస్‌ ముప్పును ఎలా తొలగించారు, ఎండోటాక్సిన్‌ ఎంతుంది, స్టెరిలైజ్‌ చేశాక బలం తగ్గిందా, ప్రతి బ్యాచ్‌ ఒకేలా వస్తోందా.. ఇవన్నీ కాగితాలతో సహా చూపాలి. పైగా రోగుల్లో ఎలా పనిచేసిందో ఏళ్ల తరబడి డేటా ఉండాలి. విదేశీ బ్రాండ్ల అసలు బలం ఆ డేటానే. మన లోటు ముడిసరకులో లేదు, నిరూపణలో ఉంది. కొలువులు ఉన్నదీ అక్కడే.

ఎవరికేం పని?

బీఎస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ: స్టెరిలిటీ, ఎండోటాక్సిన్‌ పరీక్షలు, నాణ్యత విభాగం.

బీఫార్మసీ: రెగ్యులేటరీ అఫైర్స్, క్లీన్‌రూమ్‌ ఉత్పత్తి. హైదరాబాద్‌ ఫార్మా కంపెనీల్లో ఇంజెక్షన్ల తయారీకి వాడే ఫ్రీజ్‌ డ్రైయింగ్, వ్యాలిడేషన్‌ నైపుణ్యాలు ఇక్కడా పనికొస్తాయి.

కెమికల్, బయోమెడికల్‌ ఇంజినీరింగ్: ప్రాసెస్‌ డిజైన్, బలం పరీక్షలు, ప్యాకేజింగ్‌.

బీడీఎస్‌: దేశంలో 300కు పైగా డెంటల్‌ కాలేజీలున్నాయి. చదివినవాళ్లంతా సొంత క్లినిక్‌ పెట్టలేరు. క్లినికల్‌ రిసెర్చ్, ఉత్పత్తులపై డాక్టర్లకు శిక్షణ, మెడికల్‌ రైటింగ్‌ లాంటి దారులు పరిశీలించొచ్చు.

పైచదువులకు గేట్‌తో ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్‌ ఇంజినీరింగ్‌ ఉంది. జీప్యాట్‌ రాసిన ఫార్మసీ విద్యార్థులు నైపర్ల వైపు చూడొచ్చు. పరిశోధనపై ఆసక్తి ఉంటే తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్‌ సంస్థ, చెన్నై సీఎల్‌ఆర్‌ఐ గుర్తుంచుకోండి. పరిశ్రమపరంగా విశాఖలోని ఏఎంటీజెడ్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌ మెడికల్‌ డివైజెస్‌ పార్కు మనకు దగ్గరవి.

ఒక జాగ్రత్త

డెంటల్‌ మెంబ్రేన్‌ ఒక్కటే వేల కొలువులు ఇచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇది చిన్న విభాగం. కేవలం దీన్ని నమ్ముకుని ఖరీదైన సర్టిఫికెట్‌ కోర్సుల్లో చేరడం తెలివైన పని కాదు. కానీ ఇక్కడ నేర్చుకున్నది కాలిన గాయాలకు వేసే కొలాజెన్‌ డ్రెస్సింగులు, సర్జరీ కుట్లు, జంతు కణజాలంతో చేసే గుండె కవాటాలు.. అన్నింటికీ పనికొస్తుంది. అందుకే ఉత్పత్తిని కాదు, నైపుణ్యాన్ని ఎంచుకోండి.

ఫైనలియర్లో ఉన్నవాళ్లు మూడు పనులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. 2017 వైద్య పరికరాల నిబంధనలు చదవండి, సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. నాణ్యత వ్యవస్థకు ఐఎస్‌ఓ 13485, జీవ అనుకూలతకు ఐఎస్‌ఓ 10993, రిస్కు అంచనాకు ఐఎస్‌ఓ 14971.. ఏది దేనికోసమో తెలుసుకోండి. ప్రాజెక్టుకు కొలాజెన్‌ తీసుకుంటే, తీసి చూపించి ఆగిపోవద్దు. మూడు బ్యాచ్‌లు చేసి, మూడూ ఒకేలా వచ్చాయో లేదో రాసి పెట్టండి. ఇంటర్వ్యూలో మీ రెజ్యుమె కంటే ఆ పట్టికే ఎక్కువ మాట్లాడుతుంది.