మేము–మనము లెక్కలో ప్రొఫైల్ రేఖ

ఖిదిర్‌పూర్ రేవు ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబముల భాష ఉర్దూ, హిందీ, వంగభాషల నడుమ నిలిచియున్నది. తెలుగున ‘మేము’, ‘మనము’ అను భేదము కలదు. వంగమున రెంటికిని ‘ఆమ్‌రా’యే, హిందీలో ‘హమ్’ మాత్రమే. ఈ భేదము అచటి వృద్ధుల నోట నిలిచెనా, సడలెనా అనుట మాండలిక పరిశోధకునకు సహజమైన ప్రశ్న. అయితే లభించు వక్తలు కొలదిమంది. ఇట్టిచోట సాఫ్ట్‌వేరు ఇచ్చు అంచనాను, ప్రామాణిక దోషమును మాత్రమే సిద్ధాంతగ్రంథమున కెక్కించి ఊరకుండుట తగదు.

పన్నెండుగురిలో పదిమంది భేదమును పాటించిరనుకొన్నచో, అంచనా 0.83. దానికిరువైపుల ప్రామాణిక దోషమునకు 1.96 రెట్లు కొలుచు వాల్డ్ రీతిలో 0.62 నుండి 1.04 వరకు వచ్చును. నూరుగురిలో నూటనలుగురు పాటించు భాష ఎచటను లేదు! దీనికి మారుగా లైక్‌లిహుడ్‌ను, అనగా సేకరించిన దత్తాంశము ఒక్కొక్క విలువకు ఎంత పొసగునో తెలుపు కొలతను, గైకొనవచ్చును. దాని సహజ సంవర్గమానము శిఖరమునుండి 1.92 దిగువరకు గల విలువల నంగీకరించినచో 0.57 నుండి 0.97 వరకు వచ్చును. క్రిందివైపు పొడవు, పైవైపు కురుచ; ఉన్నదున్నట్లు చెప్పుటయనగా నిదియే. పన్నెండుగురును పాటించినచో మొదటి రీతిలో దోషము సున్నయై సందేహమే లేనట్లు తోచును. రెండవదాని దిగువహద్దు 0.85.

వయస్సు, చదివిన మాధ్యమము మున్నగునవి లెక్కలో చేరినపుడు, ఒక పరామితిని ఒక విలువ వద్ద బిగించి, తక్కినవానిని మరల గరిష్ఠపరచి, ఆ విలువను క్రమముగ జరుపుచు పోవలెను. ఇదియే ప్రొఫైల్. ‘ఆర్’ సాఫ్ట్‌వేరున లాజిస్టిక్ మోడల్‌కు ‘కన్‌ఫింట్’ అను ఆదేశము చేయుపని యిదే. సారాంశపట్టిక మాత్రము వాల్డ్ రీతినే చూపును. పరిశోధకులలో పెక్కుమంది పట్టికతోనే తృప్తినందుచున్నారు.

ప్రొఫైల్‌కు మరియొక ప్రయోజనము కలదు. ఇట్టి మోడళ్లలో సాఫ్ట్‌వేరు శిఖరమును ఒక్క సూత్రముతో కనుగొనజాలదు. కండ్లకు గంతలు కట్టుకొని కొండ నెక్కువానివలె వాలును తడవి తడవి పైకి పోయి, వాలు తగ్గినచోట నాగును. చదునైన మిట్టయే శిఖరమని భ్రమించుట కలదు. ప్రొఫైల్ గీయుచుండగా ఇంతకంటె నెత్తైన చోటు దొరకినచో, మొదటి ఫలితము నిలువదని తేలిపోవును.

ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1948లో స్కోర్ పరీక్షను ప్రకటించెను. ఆయన దశాబ్దములు పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఖిదిర్‌పూర్‌కు ఉత్తరమున బరానగర్‌లోనే యున్నది. స్కోర్, వాల్డ్, లైక్‌లిహుడ్ నిష్పత్తి పరీక్షలు మూడును విస్తారమైన దత్తాంశముపై ఏకమగును. కొలదిపాటి దత్తాంశముపై విడిపోవును. పన్నెండుగురు వక్తలు కొలదియే కదా.

ప్రొఫైల్‌కు కాలము పట్టునను ఆక్షేపణ నిజమే. పెద్ద మోడళ్లకు గంటలు పట్టవచ్చును. వృద్ధుల మాటలను రికార్డుచేయుటకు నెలలు వెచ్చించినవారికి అది భారము కారాదు. ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరియొకటి: 1.92 అను హద్దు సయితము పెద్ద దత్తాంశమునకు చెందిన ఉజ్జాయింపే. అందుచేతనే హద్దులతోపాటు రేఖనే అచ్చువేయవలెను. చదువరి వేరొక హద్దును తానే గీసికొనగలడు. రేఖ ఒకవైపు ఎంతదూరము పోయినను దిగనిచో, ఆ వైపున హద్దు లేదని స్పష్టముగ వ్రాసి, ‘ఖిదిర్‌పూర్ తెలుగున ఈ భేదము నశించినది’ అను వాక్యమును ఆ పుటనుండి కొట్టివేయవలెను.