హాంకాంగ్ మరిచిపోయిన 2009

ప్రపంచమంతా మాంద్యంతో అల్లాడుతున్న 2009లో హాంకాంగ్ స్థూల ఉత్పత్తి దాదాపు రెండున్నర శాతం పడిపోయింది. ఆ ఏడాది జూలై 7నే అక్కడి సూపర్ మార్కెట్లలో ప్లాస్టిక్ సంచీకి 50 సెంట్ల రుసుము మొదలైంది. జనం ఇంటి నుంచి సంచీ తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు. మరుసటి ఏడాది నగర ఆర్థిక వ్యవస్థ ఆరున్నర శాతానికి పైగా పెరిగింది. పెరగడానికి కారణం సంచీ రుసుమని ఎవరూ అనరు. కానీ ఆ రుసుము నగరం కోలుకోవడానికి అడ్డం పడలేదన్నది మాత్రం కాదనలేని నిజం.

ఇదే నగరం 2024 మే 27న చెత్త రుసుము చట్టాన్ని అటకెక్కించింది. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ తగ్గలేదు, రెండున్నర శాతం పెరిగింది. పడిపోతున్న ఏడాది చేయగలిగిన పనిని పెరుగుతున్న ఏడాది చేయలేమనడం ఎలా కుదురుతుంది? హాంకాంగ్ ఆర్థిక పునరుద్ధరణ గురించి రాస్తున్నవారిలో ఈ ప్రశ్న వేసేవాళ్లు దాదాపు కనిపించరు. ముందు వ్యాపారం నిలదొక్కుకోనివ్వండి, పర్యావరణం సంగతి ఆ తర్వాత చూద్దాం అన్న వాదనే చెలామణీ అవుతోంది. ఆ వాదన తప్పు. తప్పని నిరూపించింది హాంకాంగ్ చరిత్రే.

ఈ చట్టం ఎవరో రాత్రికి రాత్రి తెచ్చినది కాదు. చెత్తకు రుసుము వసూలు చేయాలన్న ఆలోచన 2005 నాటి ప్రభుత్వ విధాన పత్రంలోనే ఉంది. పదహారేళ్ల చర్చల తర్వాత 2021 ఆగస్టులో శాసనసభ దాన్ని ఆమోదించింది. అమలు 2023 డిసెంబరు అన్నారు, తర్వాత 2024 ఏప్రిల్ అన్నారు, ఆపైన ఆగస్టు అన్నారు. చివరికి తేదీయే లేకుండా చేశారు. ఇంతకీ అడిగిందెంత? లీటరుకు 11 సెంట్లు. రోజుకు పది లేదా పదిహేను లీటర్ల సంచీ ఒకటి వాడే కుటుంబానికి నెలకు 33 నుంచి 51 హాంకాంగ్ డాలర్లు. అక్కడ మామూలు హోటల్లో ఒకపూట భోజనానికి అయ్యే ఖర్చు అది.

తెలుగు పాఠకులకు చెత్త పన్ను అనగానే ఆంధ్రప్రదేశ్ అనుభవం గుర్తుకొస్తుంది. 2021లో పట్టణాల్లో మొదలైన ఆ వసూలును 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. రెండింటికీ పోలిక పైపైనే. ఆంధ్రలో ఇంటికి నెలకు ఇంత అని కట్టించుకున్నారు. చెత్త తగ్గించిన ఇల్లాలికీ, గంపలకొద్దీ పారబోసిన ఇంటికీ ఒకే బిల్లు. హాంకాంగ్ చట్టంలో ఎంత పారేస్తే అంతే కట్టాలి. వేరుచేసి రీసైక్లింగ్‌కు ఇచ్చినదానికి పైసా లేదు. దక్షిణ కొరియా 1995 నుంచి, తైపే 2000 నుంచి నడుపుతున్న పద్ధతి ఇదే. 1998లో కొరియా ఆర్థిక వ్యవస్థ అయిదు శాతానికి పైగా కుప్పకూలింది. ఉద్యోగాలు పోయాయి, కంపెనీలు దివాళా తీశాయి. అయినా చెత్త సంచుల పద్ధతిని ఎత్తేయలేదు.

మరి హాంకాంగ్ చెప్పిన కారణాలేమిటి? ప్రజలు సిద్ధంగా లేరు, రీసైక్లింగ్ వసతులు చాలవు అని ప్రభుత్వం అంది. దాని వెనక శాసనసభ్యులు, రెస్టారెంట్ల యజమానులు ఇంకా గట్టిగా చెప్పిన మాట, కష్టకాలంలో కొత్త భారం వద్దని. ప్రజలు సిద్ధంగా లేరనడానికి రుజువుగా 14 చోట్ల జరిపిన ప్రయోగాన్ని చూపించారు. ఆ ప్రయోగంలో ఇళ్లకు సంచులు ఉచితంగా ఇచ్చారు! డబ్బు కట్టాల్సి వస్తే మనిషి చెత్త తగ్గిస్తాడా లేదా అన్నది తేల్చాల్సిన చోట, డబ్బే కట్టించుకోకుండా ఫలితం ప్రకటించారు. 2009లో సంచులు ఉచితంగా పంచి, జనం సిద్ధంగా లేరని తేల్చి ఉంటే ఆ రుసుము కూడా ఈనాటికీ వచ్చేది కాదు.

సఫాయి కార్మికుల భయం మాత్రం న్యాయమైనది. నిర్వహణ సంఘం లేని పాత భవనాల్లో నియమం పాటించని సంచీల్లోని చెత్తను సరైన సంచీల్లోకి మార్చాల్సింది వాళ్లే. దానికి మార్గం వాళ్లకు అదనపు కూలీ, అదనపు మనుషులు. చట్టాన్ని పక్కన పెట్టడం కాదు. దుకాణాల కష్టమూ నిజమే. 2024లో చిల్లర అమ్మకాలు ఏడు శాతానికి పైగా తగ్గాయి. కానీ అవి తగ్గింది చెత్త రుసుము లేకుండానే! హాంకాంగ్ వాసి వారాంతంలో సరిహద్దు దాటి చైనా ప్రధాన భూభాగంలోని షెన్‌జెన్‌లో భోంచేసి, అక్కడి సామ్స్ క్లబ్ దుకాణంలో సరుకులు కొనుక్కుని వస్తున్నాడు. అమెరికా డాలరుతో ముడిపడిన హాంకాంగ్ డాలరు అప్పట్లో బలంగా ఉంది, షెన్‌జెన్ ధరలు చవక. ఈ లెక్కలో 11 సెంట్ల సంచీ ఎక్కడా లేదు.

వ్యాపారాన్ని తిరిగి రప్పించడానికి ప్రభుత్వం నమ్ముకున్నది వేడుకలను. 2018లో ఆరున్నర కోట్ల మంది సందర్శకులు వచ్చిన నగరానికి 2024లో వచ్చింది నాలుగున్నర కోట్ల లోపే. కాబట్టి భారీ కార్యక్రమాలు పెట్టాలన్నారు. 2024 ఫిబ్రవరి 4న మెస్సీ ఆడతాడని చెప్పి, గరిష్ఠంగా 4,880 హాంకాంగ్ డాలర్లకు టికెట్లు అమ్మిన ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కోటీ 60 లక్షల డాలర్ల ప్రజాధనం మంజూరైంది. మెస్సీ బెంచీ మీదే కూర్చున్నాడు. దాదాపు 38 వేల మంది గోల చేసి ఇళ్లకు పోయారు. చివరికి నిర్వాహకులు ఆ సాయాన్ని వదులుకున్నారు గనక ఖజానా బతికింది. ఆ డబ్బు మంజూరు చేస్తున్నప్పుడు మాత్రం ఇది కష్టకాలమన్న మాట ఎవరికీ అడ్డం రాలేదు.

సంస్కృతి విషయంలోనూ ఇదే వరస. 2023 సెప్టెంబరులో రాత్రి బజార్ల కార్యక్రమం మొదలుపెట్టి సముద్రపు ఒడ్డున తాత్కాలిక స్టాళ్లు నిలబెట్టారు. అదే హాంకాంగ్‌లో వీధి పక్క పొయ్యి పెట్టుకుని దశాబ్దాలుగా వండి వడ్డించిన దై పై దోంగ్‌లు ఇప్పుడు పాతిక కూడా లేవు. కొత్త లైసెన్సులు ఇవ్వలేదు, ఉన్నవాటిని వారసులకు బదిలీ చేయడం మీద ఆంక్షలు పెట్టారు. అలా ఒక తరం పెద్దలతో పాటు ఆ పొయ్యిలూ ఆరిపోయాయి. 1972 నుంచి కాంటనీస్ ఒపేరాకు నెలవైన నార్త్ పాయింట్‌లోని సన్‌బీమ్ థియేటర్ 2025 మార్చిలో మూతపడింది. పశ్చిమ కౌలూన్‌లో ఎం ప్లస్ మ్యూజియం, ఒపేరా కోసం ప్రత్యేక కేంద్రం అద్భుతంగా కట్టారు, అందులో సందేహం లేదు. కానీ వీధిలో, వాడలో బతికిన రాత్రి జీవితాన్ని దశాబ్దాలపాటు ఎండబెట్టి, ఇప్పుడు దాని నకలును ఒడ్డున పేర్చి పర్యాటకులను పిలవడం సంస్కృతిని కాపాడటం అనిపించుకోదు.

మళ్లీ చెత్త సంగతికి వస్తే, అక్కడి వీధుల్లో వయసు మళ్లిన మహిళలు తోపుడు బండ్ల మీద అట్టపెట్టెలు పేర్చుకుని పోతుంటారు. నగరపు రీసైక్లింగ్‌లో కొంత భాగం వాళ్ల నడుముల మీదే నడుస్తోంది. ఆ పనికి గౌరవప్రదమైన ధర పలకాలంటే చెత్తను ఊరికే పారబోయడం ఖరీదు కావాలి. చట్టాన్ని ఆపినప్పుడు వాళ్ల సంగతి ఎందరు ఆలోచించారు?

ఈలోగా రోజుకు దాదాపు 11 వేల టన్నుల చెత్త డంపింగ్ కేంద్రాలకు చేరుతోంది. అందులో మూడో వంతు దాకా ఆహార వ్యర్థాలే. 2035 నాటికి చెత్తను నేరుగా భూమిలో పాతిపెట్టే అవసరమే లేకుండా చేస్తామని, తలసరి చెత్తను 40 నుంచి 45 శాతం తగ్గిస్తామని ప్రభుత్వం 2021లో రాసుకుంది. ఆ తగ్గింపుకు అసలు ఆయుధం చెత్త రుసుమే. ఆయుధాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, షెక్ క్వూ చౌ దీవి దగ్గర రోజుకు 3,000 టన్నులు కాల్చే యంత్రాన్ని చూపిస్తున్నారు. 11 వేలలో మూడు వేలు పోతే మిగిలేది ఎంతో బడిపిల్లాడు చెప్పగలడు.

చట్టం రద్దు కాలేదు. సంచులు కూడా తయారయ్యాయి. పెద్ద రెస్టారెంట్లు, మాల్స్, కార్యాలయ భవనాలతో మొదలుపెట్టి, పాత ఇళ్లకు మరో ఏడాది గడువిచ్చినా పని సాగుతుంది. 2009లో సూపర్ మార్కెట్లతో మొదలుపెట్టి 2015లో మిగతా దుకాణాలకు విస్తరించింది ఇదే పద్ధతిలో. 2022 ఆఖరి రోజున సంచీ రుసుమును రెట్టింపు చేసి ఒక డాలరు చేశారు. ఆ ఏడాది కూడా ఆర్థిక వ్యవస్థ మూడున్నర శాతానికి పైగా కుంగింది. రుసుము పెంచింది ఇప్పుడున్న జాన్ లీ ప్రభుత్వమే. 2009 మాంద్యం నడుమ అప్పటి పాలకుడు డొనాల్డ్ త్సాంగ్‌కు దొరికిన తేదీ, తిరోగమనంలో తనకే దొరికిన తేదీ, వృద్ధి ఉన్న ఏడాది ఎందుకు దొరకలేదో జాన్ లీ శాసనసభకు వచ్చి లెక్కలతో చెప్పాలి.