పావురం మీద మోపిన నేరం

“తెలుగులో తొలి విషాదాంత నాటకమేది?” అని అడిగి చూడండి. మా జహీరాబాదులో బి.ఏ. చదివే ఏ విద్యార్థి అయినా తడుముకోకుండా చెబుతాడు: విషాద సారంగధర, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1889. ఒక మార్కు. ఆ మార్కుతో ఆ నాటకానికీ మనకూ రుణం తీరిపోతుంది. అది విషాదమెందుకయిందన్న ప్రశ్న పరీక్ష పత్రంలోకి రావడమే అరుదు. వచ్చిన రోజున జవాబు గైడు పుస్తకంలో సిద్ధంగానే వుంటుంది: చిత్రాంగి కామం, సారంగధరుని అవివేకం, ఆపైన విధి. ఈ మూడు మాటలూ వరుసగా రాసినవాడికి పదికి ఎనిమిది.

ఈ మూడు మాటలూ తప్పని నా వాదం. ఉత్త తప్పు కూడా కాదు. అసలు నేరస్థుణ్ణి దాచిపెట్టడానికి పనికివచ్చే తప్పు.

కథ తెలియనివారు తక్కువే గాని ఒక్కసారి గుర్తు చేసుకుందాం. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు. అతని కొడుకు సారంగధరుడు. చిన్న రాణి చిత్రాంగి, కొడుకు ఈడుది. యువరాజు ఎగరేసిన పావురం పోయి ఆమె మేడమీద వాలుతుంది. దానికోసం అతడు వెళతాడు. ఆమె కోరుతుంది, అతడు కాదంటాడు, ఆమె ఆ నింద అతని మీదికే తిప్పి రాజుకు చెబుతుంది. రాజు కాళ్ళూ చేతులూ నరకమంటాడు. తలారులు నరుకుతారు.

ఇందులో ఎవరి చేతిలో ఏమున్నది? సారంగధరుని చేతిలో పావురం వున్నది. చిత్రాంగి చేతిలో ఒక అబద్ధం వున్నది. ఆజ్ఞ మాత్రం రాజుది. అబద్ధం దానంతట అది ఎవరి కాళ్ళూ నరకదు. దానిని నమ్మి, ప్రతివాదిని పిలవకుండా, సాక్షిని అడగకుండా శిక్ష వేయగల అధికారం ఒకటి కావాలి. ఆ అధికారాన్ని వదిలిపెట్టి పావురం వెంట పరుగెత్తే విమర్శను ఏమనాలి?

మన పాఠ్య విమర్శకులు అరిస్టాటిల్‌ను తోడు తెచ్చుకుంటారు. విషాద నాయకునిలో ఒక ‘హమార్తియా’ వుండాలట గనుక సారంగధరునిలోనూ వెతికి తీరాలి. వెతికితే దొరికింది పావురం! అరిస్టాటిల్ చెప్పిన హమార్తియా పొరపాటుకు దగ్గరి మాటే గాని పాపానికి కాదు. ఆయన చెప్పినట్టే వెతికినా ఈ నాటకంలో తెలియక ఘోరం చేసి తరువాత తెలుసుకుని ఏడ్చేవాడు తండ్రి. అయితే పొరపాటు లేనివాని మీద పొరపాటు మోపి, పొరపడ్డవానికి ‘విధి’ అనే గొడుగు పట్టడం మన తరగతి గదుల సంప్రదాయమయింది.

ఇప్పుడు నా సంగతి. నాలుగేళ్ళ క్రితం ఈ పాఠం చెబుతున్నప్పుడు బీదరు రోడ్డు మీది ఒక చెరకు పల్లె నుంచి వచ్చే అమ్మాయి లేచి అడిగింది: “సార్, చిత్రాంగిని ఆ ముసలాయనకు ఇచ్చేటప్పుడు ఆమెను ఎవరన్నా అడిగిండ్రా?” తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. సారంగధరుని పటం చూపి సంబంధం కుదిర్చి, చివరకు తండ్రే ఆమెను కట్టుకున్నాడనే కథనం జనంలో వున్నదని నాకు తెలుసు. అయినా “అది సిలబస్‌లో లేదమ్మా” అన్నాను. ఆ తరువాత పరీక్షలో ఆమె గైడు జవాబు రాయలేదు. తప్పు రాజుదని రాసింది. వయసు చూడక పెళ్ళాడటం మొదటి తప్పు, అడగక శిక్షించడం రెండవ తప్పు అంది. నేను పదికి నాలుగు వేసి పక్కన ‘విషయాంతరం’ అని ఎర్రసిరాతో రాశాను. ఆమె ఎందుకని అడగలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుపోయింది. ఎం.ఏ. తెలుగు చదివినవాడిని, అభ్యుదయ సాహిత్యమని సభల్లో మాట్లాడేవాడిని. విచారించకుండా తీర్పు చెప్పడంలో నేను ఆ రాజుకు ఎంత దూరంలో వున్నాను?

ఈ కథ చరిత్ర కాదని కూడా మన పిల్లలకు చెప్పం. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట చూపిస్తారు, నిజమే. కాని రాజరాజనరేంద్రుని కొడుకు కులోత్తుంగుడై 1070లో చోళ సింహాసనమెక్కి చాలాకాలం ఏలాడు. సారంగధరుని కథ నాథ సిద్ధుల వెంట వచ్చింది; గౌరన నవనాథ చరిత్రలో వుంది, చేమకూర వెంకటకవి దానినే కావ్యం చేశాడు, గురజాడ 1883లో ఇంగ్లీషులో రాశాడు. పాత కథలో సిద్ధుడు వచ్చి తెగిన అవయవాలు తిరిగి మొలిపిస్తాడు. అంటే రాజు చేసినదాన్ని మహిమ చెరిపేస్తుంది, సభ మంగళం పాడుకుని ఇంటికి పోతుంది. ధర్మవరంవారు ఈ మంగళాన్ని కాదన్నారు. ఆయన చేసిన పెద్ద పని ఇదే.

దాని విలువ తెలియాలంటే ఆనాటి పండితుల పట్టు తెలియాలి. నాటకం శుభాంతం కావాలన్నది సంస్కృత సంప్రదాయం; రంగం మీద నాయకుని చావు నిషిద్ధం. దుర్యోధనుడు రంగం మీదనే కన్నుమూసే భాసుని ఊరుభంగాన్ని గణపతిశాస్త్రి తిరువనంతపురంలో అచ్చు వేయించింది 1912లో. ధర్మవరంవారు పోయింది కూడా ఆ ఏడాదే. 1889లో ఆయనకు ఆ ఆసరా లేదు. బళ్ళారిలో ప్లీడరు పని చేస్తూ, సరసవినోదినీ సభ నడుపుతూ, తన తెగువ మీద రాశారు. ప్లీడరన్న మాట మళ్ళీ చదవండి. రోజూ కోర్టులో ప్రతివాది పక్షం వినిపించే మనిషి, ప్రతివాదికి నోరే లేని తీర్పును నాటకానికి ఎన్నుకున్నాడు. ఆయన ఉద్దేశమదేనని నేననను. ఆయన విప్లవకారుడూ కాడు. కాని మన గైడు రచయితలకు కనిపించని సంగతి ఒక ప్లీడరుకు కనిపించి వుండదా?

(ఆంధ్ర నాటక పితామహుడని మనం బిరుదిచ్చిన మనిషి వూరు 1953లో మైసూరు రాష్ట్రానికి పోయింది. మా జహీరాబాదు 1956 దాకా బీదరు జిల్లాలో వుండి ఇటు వచ్చింది. సరిహద్దు ఊళ్ళ పిల్లలకైనా ఆయనను గురించి ఒక మార్కుకు మించి చెప్పవద్దా?)

ఇదే కథ గ్రీసులో వుంది. యూరిపిడీసు హిప్పొలిటస్ నాటకం క్రీ.పూ. 428 నాటిది, 1677లో రసీను దానినే ఫ్రెంచిలో ఫేద్ర్ అని రాశాడు. మన బౌద్ధ కథల్లో అశోకుని కొడుకు కునాలుడు, తిష్యరక్షిత. ఇన్ని దేశాలలో సవతి తల్లులందరూ ఒకే విధంగా కాముకులై పుట్టారా? లేక తండ్రే రాజూ, రాజే న్యాయాధిపతీ, వయసు మళ్ళినా పడుచుపిల్లను తెచ్చుకోగలవాడూ అయినచోటల్లా ఈ కథ పుడుతున్నదా? ‘స్త్రీ చాపల్యం’ అని రాయించే అధ్యాపకుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వుంది.

మన శిబిరంలోని మిత్రులనూ వదలను. “రాజుల గోల మనకెందుకు, మా భూమి చెప్పుకోండి” అంటారు. 1947 నాటి ఆ నాటకాన్ని, దానిని వూరూరా ఆడిన కళాకారులను నేను తక్కువ చేయను. కాని రాజుల కథను మనం వదిలేస్తే అది ఖాళీగా పడి వుండదు. గైడువాడు కౌలుకు తీసుకుంటాడు. మా తరగతిలో న్యాలకల్, ఝరాసంగం మండలాల పిల్లలున్నారు. పారిశ్రామిక మండలి కోసం భూసేకరణ నోటీసులు చూసిన ఇండ్ల నుంచి వచ్చినవాళ్ళున్నారు. విచారణ అన్న మాటకు వాళ్ళకు నిఘంటువు అక్కరలేదు. వాళ్ళముందు సారంగధరుని పెట్టి విధిని గురించి రాయమనడం అధ్యాపకుని సోమరితనం.

ఈ సంవత్సరం తరగతి పరీక్షలో ప్రశ్న మార్చాను: “సారంగధరుని శిక్షకు బాధ్యులెవరు? నీ కారణాలు చెప్పు.” సగంమంది గైడే రాశారు; కొట్టివేయలేదు గాని ఎనిమిదీ వేయలేదు. కొందరు సభలో వున్న పెద్దల సంగతి ఎత్తారు. ఒక కుర్రవాడు, వాళ్ళ నాయన చెరకు కొట్టే కూలీ, పేజీకి సగం కూడా రాయలేదు. రాజు నరకమన్నాడు సరే, నరికినవానికి ఆ పూట కూలి ఎంత ఇచ్చారో, కాదంటే వాని గతి ఏమయ్యేదో మీరు పాఠంలో చెప్పలేదు అని రాసి, కింద గీత గీసి వదిలేశాడు. ఆ కాగితం ఇంకా నా బల్ల మీదనే వుంది. మార్కులు వేయలేదు.