టైరు పెంచితే సరిపోదు

చీమకుర్తి గ్రానైటు క్వారీలను నమ్ముకొని ప్రకాశం జిల్లాలో వందలాది కుటుంబాలు లారీల మీద బతుకుతున్నాయి. సొంత బండి కొని, ఫైనాన్సు వాయిదాలు కట్టుకుంటూ, తామే స్టీరింగు పట్టే చిన్న యజమానులు వీరిలో ఉన్నారు. క్వారీ దారుల్లో రాళ్లు కింద తగలకుండా బండి కాస్త ఎత్తు లేస్తుందనీ, మరికొంత బరువు మోస్తుందనీ కంపెనీ ఇచ్చిన సైజు కంటే పెద్ద టైర్లు వేయించేవారు కొందరున్నారు. టైరు మార్చడం ఒక పూట పని. దాని పర్యవసానం మాత్రం బండి ఉన్నంత కాలం వెంటాడుతుంది. ఈ సంగతిని యజమానులు, మెకానిక్కులు, రవాణా శాఖ అధికారులు ముగ్గురూ గుర్తించవలసి ఉన్నది.

చక్రం పెద్దదైతే మంచిదేనన్న అభిప్రాయం ఎడ్లబండి కాలం నుంచి వస్తున్నది. ఎడ్లబండి విషయంలో అది నిజమే. ఎడ్లు కాడి కట్టి బండిని ముందుకు లాగుతాయి. చక్రం పెద్దదైతే గుంత సులభంగా దాటుతుంది, ఎడ్లకు శ్రమ తగ్గుతుంది. లారీ సంగతి వేరు. ఇక్కడ ఇంజను బలం ఇరుసు ద్వారా చక్రాన్ని తిప్పుతుంది; నేలను తన్ని బండిని నడిపేది టైరు అంచు. ఇరుసుకూ నేలకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ ఆ తన్నులో బలం తగ్గుతుంది. ఎడ్లబండికి వరమైనది లారీకి భారమవుతుందన్న మాట.

లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. పాత తరహా ఆరు చక్రాల లారీకి 9.00-20 టైరు పరిపాటి. దాని ఎత్తు దాదాపు 102 సెంటీమీటర్లు. 10.00-20 టైరు 105, 11.00-20 టైరు 108 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాయి. మొదటి టైరు తీసి మూడవది వేస్తే ఎత్తు నూటికి ఆరు పాళ్లకు పైగా పెరుగుతుంది. చక్రాల దగ్గర లాగే బలం ఇంచుమించు అదే పాళ్లలో తగ్గుతుంది. సరుకుతో కలిపి 18 టన్నులున్న లారీ గట్టు ఎక్కుతున్నదనుకుంటే, దాని నెత్తిన మరో టన్నుకు పైగా బరువు పెట్టినంత ఫలితమిది. టైరు పెంచింది బరువు వేయడానికే గనుక అసలు బరువు కూడా పెరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు వంటిది ఈ పరిస్థితి.

ఈ దెబ్బ మొదట తగిలేది క్లచ్చి ప్లేటుకు. క్వారీ గుంటలో నుంచి నిండు బండిని పైకి తెచ్చేటప్పుడు మొదటి గేరులో కూడా బండి కదలక, డ్రైవరు క్లచ్చిని సగం తొక్కి పట్టి ఇంజను రేపుతాడు. ప్లేటు కాలుతుంది. యజమాని డ్రైవరును తిడతాడు, కొన్నిచోట్ల జీతంలో కోత కూడా పడుతుంది. తప్పు డ్రైవరు కాలిది కాదు, యజమాని వేయించిన టైరుదని చెప్పేవారు ఉండరు.

బ్రేకుల మాట మరీ ముఖ్యం. బ్రేకు డ్రమ్ము పాతదే, దాని పట్టు పాతదే. పెద్ద చక్రాన్ని ఆపే శక్తి మాత్రం తగ్గుతుంది. మీటరు కూడా అబద్ధం చెబుతుంది. గేరుబాక్సు వెనుక నుంచి వేగం లెక్క తీసుకునే బండిలో ముల్లు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 85 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. సరుకు లారీలకు 80, టిప్పర్లకు 60 కిలోమీటర్లకు మించకుండా వేగ నియంత్రణ పరికరం ఉండాలని 2015లో కేంద్రం నిబంధన తెచ్చింది. టైరు పెరిగిన బండిలో ఆ పరికరం ఉండీ మోసపోతుంది. స్కూలు పిల్లలు, కూలీలు, పశువులు నడిచే రోడ్ల మీద ఈ ఐదు కిలోమీటర్ల తేడా చిన్నది కాదు.

లాగుడు బలం తిరిగి రావాలంటే, మీటరు మళ్లీ నిజం చెప్పాలంటే చేయవలసిన పని ఇరుసులో ఉన్నది. వెనుక హౌసింగులో క్రౌను, పినియను అనే రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 7 పళ్లు ఉంటే పినియను 5.86 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టైరు నూటికి ఆరున్నర పాళ్లు పెరిగినప్పుడు ఈ నిష్పత్తి 6.24 దాకా పెరగాలి. 37 పళ్ల క్రౌనుకు 6 పళ్ల పినియను జత 6.17 ఇస్తుంది; అది దరిదాపుల్లో ఉంటుంది. బలం ఎక్కువ వస్తుంది గదా అని 41కి 6 జత వేస్తే నిష్పత్తి 6.83 అవుతుంది. అప్పుడు అదే వేగానికి ఇంజను మొదటికన్నా నూటికి తొమ్మిది చుట్లు అదనంగా తిరగాలి. చదును రోడ్డు మీద డీజిలు మండిపోతుంది. లోటు ఎంతో, పూడిక అంతే ఉండాలి. 10.00-20కి మారినప్పుడు తేడా నూటికి మూడు నాలుగు పాళ్లే గనుక దానికోసం క్రౌను మార్పించడం దండగ ఖర్చు.

ఇందులో మెకానిక్కు బాధ్యత పెద్దది. క్రౌను, పినియను కవల పిల్లల వంటివి. కర్మాగారంలో జతగా నూరి, జత నంబరు వేసి పంపుతారు. ఒక జతలో క్రౌను, మరో జతలో పినియను తెచ్చి కలిపితే కొద్దిరోజుల్లోనే మోత మొదలై పళ్లు రాలుతాయి. పళ్ల మధ్య సందు, పినియను లోతు, బేరింగు బిగువు కొలత ప్రకారం ఉండాలి. పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు పంటి నడుమ పడుతున్నదో లేదో చూడాలి. చేతి అంచనాతో బిగించే పని కాదిది. వెనుక రెండు ఇరుసులూ నడిచే పది చక్రాల టిప్పర్లలో రెండింటికీ ఒకే నిష్పత్తి వేయాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడి రెండూ పాడవుతాయి. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఈ పనిలో ఆరితేరినవారు ఉన్నారు. రోడ్డు పక్క షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లకూ ఆ విద్య అందాలి.

పైగా క్రౌను మార్చినంత మాత్రాన అన్నీ చక్కబడవు. బ్రేకు డ్రమ్ము పెరగదు. 9.00 టైరుకు 7 అంగుళాల రిమ్ము, 11.00 టైరుకు 8 అంగుళాల రిమ్ము కావాలి. పాత రిమ్ముకే ఎక్కిస్తే వెనుక జంట టైర్లు ఒకదానినొకటి ఒరుసుకొని, వేడెక్కి పేలుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, బండి మోయవలసిన బరువు కిలో కూడా పెరగదు. ఆ బరువును నిర్ణయించేది రిజిస్ట్రేషను పత్రం. అందులో ఇరుసుల బరువుతో పాటు టైర్ల సైజు కూడా రాసి ఉంటుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు వచ్చింది. అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. ఒక్కసారి పట్టుబడితే నెల వాయిదా కాస్తా గల్లంతవుతుంది.

కాబట్టి యజమానులకు క్షేమకరమైన మార్గం ఒక్కటే. తయారీదారు ఆ నమూనాకు అనుమతించిన సైజులోనే టైర్లు వేయించాలి. అనుమతించిన సైజుల్లో పెద్దది కావాలనుకుంటే దానికి చెప్పిన రిమ్ము, దానికి చెప్పిన క్రౌను పినియను జత కలిపి, అధికారులకు తెలిపి, పత్రాల్లో ఎక్కించుకోవాలి. సగం పని చేసి సగం దేవుడి మీద వదలడం తగదు.

ఈ బాధ్యతను యజమాని ఒక్కడి మీదనే నెట్టడమూ న్యాయం కాదు. ఏ నమూనా బండికి ఏ టైరు, ఏ నిష్పత్తి అనుమతించారో ఆ పట్టికను తెలుగులో అచ్చువేసి ఒంగోలు రవాణా కార్యాలయంలో, క్వారీల దగ్గర కాటాల వద్ద అంటించడం రవాణా శాఖకు పెద్ద ఖర్చు కాదు. ఫిట్‌నెస్ పరీక్షలో లైట్లు, హారను చూసినట్లే టైరు పక్కన అచ్చుపడిన సైజును పత్రంతో సరిపోల్చాలి. లారీ యజమానుల సంఘాలు తయారీ కంపెనీలను ఒప్పించి, స్థానిక మెకానిక్కులకు క్రౌను అమరికలో శిక్షణ ఇప్పించాలి. పాత బండికి తగని టైరును అంటగట్టే వ్యాపారులను అదుపు చేయాలి. టన్నుకింత అని బాడుగ కట్టి, ఎక్కువ బరువు వేయక తప్పని స్థితికి లారీవాడిని నెట్టే సరుకుదారులు కూడా ఆలోచించుకోవాలి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్లు ఈ తప్పులో అందరికీ భాగం ఉంది. బ్రేకు పట్టని లారీ ఎదురైనప్పుడు మూల్యం చెల్లించేది మాత్రం దారిన పోయేవాడు. ఆ పరిస్థితి రాకముందే సంబంధితులందరూ మేల్కొనడం అవసరం.