'ఖలమ్' అన్న పిల్లాడికి ఏ జబ్బూ లేదు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక మన ఘరాల్లో ఆడపిల్ల ముందు పెట్టే రాస్తాలు రెండు మూడే. బీఫార్మసీ, బీఈడీ, లేదంటే రిష్తా. ఇంకో రాస్తా ఉంది: బీఏఎస్ఎల్‌పీ. వినికిడి, మాట లోపాలను పరీక్షించి సరిచేసే చదువు. నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. బైపీసీ వాళ్లకే కాదు, ఎంపీసీ వాళ్లకూ చాలాచోట్ల దాఖలా దొరుకుతుంది. ఆపైన రెండేళ్ల పీజీ.

ఈ తాలీమ్ మన బిడ్డలకే ఎందుకంటారా? దక్కనీ మాట్లాడే పిల్లాడు 'ఖలమ్' అంటాడు. కితాబీ ఉర్దూలో అది 'క'కు దగ్గరి ధ్వని, గొంతు లోపలి నుంచి వస్తుంది. హైదరాబాద్‌లో అది 'ఖ' అయి తరాలు గడిచాయి. అదే పిల్లాడు తెలుగులో 'కళ్లు' అనబోయి 'కల్లు' అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. ఉర్దూలో 'ళ' లేదు మరి, వాడేం చేస్తాడు? ఈ రెండూ రోగాలు కావు. కానీ ఆరేళ్లొచ్చినా 'రోటీ'ని 'లోటీ' అంటుంటే మాత్రం చూపించాలి. ఏది ఇంటి లహ్‌జా, ఏది లోపం అన్నది ఆ జబాన్ తెలిసిన మనిషికే తేలిగ్గా అందుతుంది. భాషలో అసలైన లోపం ఉంటే అది పిల్లాడి రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. అందుకే రెండింటిలోనూ పరీక్షించాలి. పరీక్షించే మనిషికి ఒక్కటే వస్తే?

అప్పుడు ఒక సలహా వస్తుంది: "ఇంట్లో ఉర్దూ ఆపేయండి, ఒకే భాష మాట్లాడండి." అమ్మీ భయపడి ఆపేస్తుంది. వేరే భాష రాని దాదీమా మనవడితో మాట్లాడటమే మానేస్తుంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని ఈ ఫన్ తెలిసినవాళ్లు ఎప్పుడో తేల్చారు. అయినా ఆ సలహా చావలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

పిల్లలే కాదు. ఫాలిజ్ వచ్చి మాట పడిపోయిన దాదాలకూ వీళ్లే కావాలి. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌తో బిడ్డకు శబ్దం అందుతుంది, మాట రావాలంటే నెలలు, ఏళ్లు కూర్చోబెట్టి నేర్పాలి.

ఈ చదువుకు మైసూరులో 1965 నుంచి జాతీయ సంస్థ ఉంది. 1983లో ముంబైలో పెట్టిన మరో జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు. హైదరాబాదీ ఆయన, ఉస్మానియాకూ అలీగఢ్‌కూ వైస్ చాన్సలర్‌గా చేశారు. ఆ సంస్థ రీజినల్ సెంటర్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. అడ్మిషన్ ఎక్కడ తీసుకున్నా ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. అందులో రిజిస్టర్ కాకపోతే ప్రాక్టీసు లేదు.

బీఏఎస్ఎల్‌పీ అవగానే "బస్, చాలు" అనకండి. దక్కనీ పిల్లలు ఏ వయసుకు ఏ మాట పలుకుతారో రాసిపెట్టే పని, వాళ్లకు సరిపోయే పరీక్షలు తయారుచేసే పని పీజీ చదివి రీసెర్చ్‌లో దిగినవాళ్లు చేయాలి. బయటివాళ్లొచ్చి మన కోసం చేయరు. రిష్తా మాట్లాడేటప్పుడు మెహర్‌తో పాటు ఈ రెండేళ్ల సంగతీ తేల్చుకోండి. అబ్బాయిలకూ ఈ దర్వాజా తెరిచే ఉంది, వాళ్లనెవరూ అడగటం లేదు, అంతే.