సొంతంగా తయారుచేసిన విమానాల టెస్ట్ ఫ్లైట్‌పై గుడిబండ సభ తీర్మానం

శ్రీ సత్యసాయి జిల్లా గుడిబండలో సమావేశమైన రైతులు, ఉపాధ్యాయులు, మెకానిక్కులు, వెల్డర్లు, విద్యార్థుల ఈ సభ, సొంతంగా విమానం తయారుచేసి ఎగరేయాలన్న యువకుల ఉత్సాహం గురించి, అందులోని ప్రాణాపాయం గురించి చర్చించి కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆ ఉత్సాహాన్ని సభ మనసారా అభినందిస్తోంది. ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం తయారుచేసిన కెప్టెన్ అమోల్ యాదవ్ దాన్ని 2016లో ప్రదర్శనకు పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017లో, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చాయి. వృత్తిరీత్యా పైలట్ అయిన ఆయనే అన్నాళ్లు ఆగారు. అనుమతుల జాప్యం బాధాకరమైనదే అయినా, అవి లేకుండా గాలిలోకి లేవడానికి అది కారణం కారాదని సభ భావిస్తోంది.

విమానం తయారుచేయడం ఒక విద్య, దాన్ని మొదటిసారి ఎగరేసి పరీక్షించడం మరో విద్య. రెండోది నేర్చినవారికీ ప్రమాదం తప్పలేదు. 2009 మార్చి 6న బెంగళూరు సమీపంలోని బిడది వద్ద నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారి సారస్ రెండో నమూనా విమానం కూలి వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేశ్ షా, స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా మరణించారు. ఒక ఇంజనును కావాలనే ఆపి, గాలిలోనే తిరిగి స్టార్ట్ చేసే పరీక్ష అది. తిరిగి స్టార్ట్ చేసే పద్ధతిలోనే లోపం ఉందని దర్యాప్తులో తేలింది. పెద్ద సంస్థ, వైమానిక దళంలో శిక్షణ పొందిన అధికారులు, రెండు ఇంజన్లు ఉన్నచోటే ఇలా జరిగింది. ఆ ముగ్గురి స్మృతికి సభ శిరసు వంచి నమస్కరిస్తోంది.

తయారుచేసిన మనిషి చేసిన చిన్న మార్పు ఏళ్ల తరువాత మరొకరి ప్రాణం తీయవచ్చు. అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో మరణించింది అప్పుడే కొనుక్కున్న లాంగ్ ఈజీ అనే సొంత తయారీ విమానంలో. ఇంజనుకు పెట్రోలు ఏ ట్యాంకు నుంచి అందాలో మార్చే వాల్వును, డిజైన్‌లో చూపిన చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనుక బిగించారు. దాన్ని అందుకోవాలంటే ఒళ్లు వెనక్కి తిప్పాలి. అలా తిరిగేటప్పుడు కుడి కాలు, విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను నొక్కేసే అవకాశం ఉంది. ఎంతో అనుభవమున్న పైలట్ అయినా ఆయన విమానం అదుపు తప్పి సముద్రంలో పడింది.

మన నేల సంగతి వేరే చెప్పుకోవాలి. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న ఈ పీఠభూమిలో ఏప్రిల్, మే ఎండకు గాలి పలచబడి రెక్కలకు, ఇంజనుకు, ప్రొపెల్లరుకు శక్తి తగ్గుతుంది. నేల విడవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. లేచిన కాసేపటికే ఇంజను ఆగితే పైలట్‌కు బయలుదేరిన చోటికే మళ్లాలనిపిస్తుంది. తక్కువ ఎత్తులో, వేగం తగ్గిన స్థితిలో అలా తిప్పితే విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోవచ్చు. ముక్కు దించి ఎదురుగా ఉన్న నేల మీద దిగడమే దారి. మన దగ్గర ఎదురుగా ఉండేవి గుండ్లు, వక్క తోటలు, బోరుబావులకు లాగిన కరెంటు తీగలు. శెనక్కాయ పీకిన చేను పైనుంచి చదునుగా కనబడినా గట్టు తగిలితే చక్రం విరుగుతుంది. బైకు ఇంజను బిగించాలనుకునేవారు మరొకటి గమనించాలి: విమానాల పిస్టన్ ఇంజనులో సాధారణంగా ప్రతి సిలిండరుకూ రెండు స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి, ఒకటి పోయినా మరొకటి పనిచేయాలని.

కావున, రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి లేని విమానం టెస్ట్ ఫ్లైట్‌కు ఎండిన చెరువును, రోడ్డును, చేనును ఎవరూ ఇవ్వరాదని తీర్మానించడమైనది. అలా ఎగరడం చట్టరీత్యా కూడా శిక్షార్హమని ప్రతి ఇంటికీ తెలియజేయాలి.

అనుమతి ఉన్నచోట కూడా పరీక్షా కాలంలో పైలట్ ఒక్కరే ఎక్కాలి, జనం గుమిగూడరాదు. అమెరికాలో ధ్రువీకరించిన ఇంజను, ప్రొపెల్లరు జత ఉన్న సొంత తయారీ విమానానికి సాధారణంగా 25 గంటలు, లేనిదానికి 40 గంటలు జనావాసాలకు దూరంగా ఇలా పరీక్షించే పద్ధతి ఉంది. అదే మనకు ఆదర్శం కావాలి. ఎగిరే ముందు తయారుచేసినవారు కాక మరొకరు ప్రతి బోల్టునూ, కంట్రోళ్లనూ తనిఖీ చేయాలి. పైలట్ స్టిక్‌ను కుడికి వంచితే కుడి రెక్క వెనుక అంచున కదిలే పలక (ఐలరాన్) పైకి లేవాలి. తీగలు తారుమారుగా బిగిస్తే అది కిందికి దిగుతుంది. ఆ తేడా నేల మీదే తెలియాలి.

విమానం తయారుచేస్తున్న యువకులను ఒంటరిగా వదిలేయరాదని, బెంగళూరులో విమాన సంస్థల్లో పనిచేసి రిటైరైన టెక్నీషియన్లను పిలిపించి వారికి ఆ యువకుల పనిని చూపించాలని, పైలట్ శిక్షణకు చేతనైనంత చందా పోగుచేయాలని కూడా తీర్మానించడమైనది. దరఖాస్తు విధానాన్ని తెలుగులో ప్రచురించాలని, ప్రతి దరఖాస్తుకూ గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను, జనావాసాలకు దూరంగా ఒక రన్‌వేను ఇలాంటి పరీక్షలకు కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని సభ కోరుతోంది.

ఈ తీర్మానం ప్రతులను డీజీసీఏకు, జిల్లా కలెక్టరుకు, తహసీల్దారుకు, పోలీస్ స్టేషన్‌కు, మండలంలోని హైస్కూళ్లకు పంపాలని, ప్రతి పంచాయతీ నోటీసు బోర్డులో అతికించాలని నిర్ణయించడమైనది.